పార్టీ పోయింది, భూమి మిగిలింది

దేశ విభజన మాట వచ్చినప్పుడల్లా ఖిజర్ హయత్ తివానాను తలుచుకుని నిట్టూర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముస్లిం, హిందూ, సిక్కు రైతులను ఒకే గొడుగు కింద నిలిపిన అవిభక్త పంజాబ్ చివరి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఆయన. జిన్నా మాటకు తలొగ్గనందుకు 1944లో ముస్లిం లీగ్ ఆయన్ను బహిష్కరించింది. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆయన నిలబడ్డ నేల ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో కూడా చెప్పాలి కదా?

తివానాలది పశ్చిమ పంజాబ్‌లోని షాపూర్ జిల్లా. ఇప్పుడది సర్గోధా ప్రాంతం. 1857 తిరుగుబాటులో ఖిజర్ తాత మాలిక్ సాహిబ్ ఖాన్ తన గుర్రపు దళంతో ఇంగ్లీషువాళ్ల పక్షాన కత్తి దూశాడు. అందుకు ప్రతిఫలంగా బిరుదులు, జాగీరు దక్కాయి. ఆపైన జీలం నది పక్కన బంజరు దక్కింది. అదే కాల్రా ఎస్టేట్. ఆ బంజరుకు సొంత కాలువ తవ్వించారు. అది వరద కాలువ. వేసవిలో నది పొంగితేనే పారుతుంది, చలికాలంలో ఒండ్రు తీయకపోతే పూడిపోతుంది. కాలువ ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ల చేతిలో ఉంటుందని మన డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

కొడుకు ఉమర్ హయత్ ఖాన్ హయాంలో దర్జా ఇంకా పెరిగింది. 1911 ఢిల్లీ దర్బారులో జార్జి చక్రవర్తి ప్రకటనను ఉర్దూలో చదివి వినిపించింది ఆయనే. ఆయన కొడుకే ఖిజర్.

ఈ భూస్వామి వర్గానికి అసలు కంచుకోట 1900 నాటి భూమి బదలాయింపు చట్టం. షావుకార్ల నుంచి రైతును కాపాడటానికని తెచ్చారు. భూమిని సర్కారు జాబితాలోని 'వ్యవసాయ తెగ'ల వాళ్లకే అమ్మాలన్నారు. అప్పుల్లో మునిగిన చిన్న రైతు పొలం ఇక ఎవరికి పోతుంది? పక్కనున్న భూస్వామికి. ఆయనా వ్యవసాయ తెగ మనిషే మరి! 1923లో పుట్టి, తర్వాత ఖిజర్ నడిపిన యూనియనిస్టు పార్టీ ఈ చట్టం మీదే బతికింది. ఆ పార్టీ నేత ఛోటూ రాం లాంటివాళ్లు రుణ చట్టాలతో రైతుకు మేలు చేసిన మాట నిజం. అయితే వడ్డీ వ్యాపారి ముక్కుకు తాడేసిన ఆ పార్టీ, కళ్లంలోనే సగం పంట కొలిపించుకునే భూస్వామి జోలికి మాత్రం పోలేదు. మతసామరస్యం పేరిట మనం మెచ్చుకునేదాంట్లో పెద్ద భాగం భూస్వాముల మధ్య ఒప్పందమేనని మా అభిప్రాయం.

ఇంగ్లీషువాడు మూట సర్దుకుంటున్నాడని తెలియగానే ఆ ఒప్పందం చెదిరింది. దర్గాల పెద్దలైన పీర్లు, భూస్వాములైన మాలిక్‌లు ఒక్కొక్కరే లీగ్‌లోకి దూకారు. తివానాల బంధువర్గంలోని ఫిరోజ్ ఖాన్ నూన్ లీగ్‌లో చేరి, 1957లో పాకిస్థాన్ ప్రధాని కూడా అయ్యారు. 1946 ఎన్నికల్లో పార్టీ కుప్పకూలినా ఖిజర్ కాంగ్రెస్, సిక్కుల పార్టీ అయిన అకాలీలతో కలిసి నెట్టుకొచ్చి, 1947 మార్చి 2న రాజీనామా చేశారు. అంతదాకా ఆయన్ను బూతులు తిట్టిన గుంపులే 'తాజా ఖబర్ ఆయీ హై, ఖిజర్ హమారా భాయీ హై' (కొత్త కబురొచ్చింది, ఖిజర్ మన సోదరుడే) అని ఊరేగాయి. కొద్దిరోజుల్లోనే రావల్పిండి పల్లెల్లో నెత్తురు పారింది.

1937లో బొబ్బిలి రాజాను వి.వి.గిరి ఓడించడం తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ జమీందార్ల పార్టీ ఓడితే, 1948 చట్టంతో జమీందారీ కూడా పోయింది. అక్కడ ఒక భూస్వాముల పార్టీ పోయి, అదే భూస్వాములు ఇంకో పార్టీలో తేలారు.

తర్వాతి కథ కూడా అదే. 1959లో పాకిస్థాన్ పాలకుడు అయూబ్ ఖాన్ మాగాణికి 500 ఎకరాల పరిమితి పెట్టారు. 1972లో భుట్టో దాన్ని 150కి దించారు. లెక్క కుటుంబానికి కాదు, మనిషికి. ఇంట్లో ఎన్ని పేర్లుంటే అన్ని వాటాలు! చివరికి 1989లో అక్కడి సుప్రీంకోర్టు షరియత్ ధర్మాసనం భూపరిమితి ఇస్లాంకే విరుద్ధమని తేల్చింది. ఆ కేసు వేసింది కిజిల్‌బాష్ వక్ఫ్. 1857లో ఇంగ్లీషువాళ్లకు కొమ్ముకాసి భూములు పొందిన లాహోర్ నవాబుల కుటుంబం పేరు మీద ఉన్న వక్ఫ్ అది.