గైడ్ మీదే ఫిర్యాదైతే సంతకం ఎవరు పెట్టాలి?

యూనివర్సిటీలో లైంగిక వేధింపుల సంగతి ఎత్తితే చాలు, అధికారుల నుంచి ఒకటే జవాబు: ‘మాకు ఐసీసీ ఉంది కదా’. అంతర్గత ఫిర్యాదుల కమిటీ (ఐసీసీ) ఉండాల్సిందే. కానీ దాని పని విచారణ. అది 90 రోజుల్లో ముగియాలని నిబంధన. ఆ 90 రోజులూ ఫిర్యాదు చేసిన అమ్మాయి ఎవరి క్లాసులో కూర్చోవాలి? ఆమె పేపర్లు ఎవరు దిద్దాలి?

పీహెచ్‌డీ స్కాలర్‌నే తీసుకోండి. నెలనెలా ఫెలోషిప్ పడాలంటే గైడ్, అంటే ఆమె పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసర్, ఓకే చెప్పాలి. ప్రోగ్రెస్ రిపోర్టు మీద ఆయన సంతకం, థీసిస్ మీదా ఆయన సంతకమే. ఫిర్యాదు ఆయన మీదే అయితే? యూజీసీ 2015 నిబంధనల్లో దీనికి దారి ఉంది. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఆమె పనికీ పరీక్షలకూ మార్కులు వేయకుండా ఆపవచ్చు. హోదాకూ ప్రయోజనాలకూ భంగం లేకుండా ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. ఐసీసీ సిఫార్సు చేస్తే ఇద్దరిలో ఎవరినైనా వేరే విభాగానికి మార్చవచ్చు. చిక్కేమిటంటే, వీటిని తప్పనిసరి చేయకుండా సంస్థ ఇష్టానికి వదిలేశారు. మరి ఇద్దరిలో ఎవరిని కదిలిస్తారు? ప్రొఫెసర్‌ను కదిలించడం కష్టం, విద్యార్థినిని కదిలించడం తేలిక. ‘నీ మంచికేనమ్మా’ అన్న మాట తోడు.

రాజీ కూడా అంతే. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి, అదీ విచారణ మొదలవకముందే, డబ్బుతో సంబంధం లేకుండా. విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గదిలో కూర్చోబెట్టి ‘కెరీర్ చూసుకో’ అని హితవు చెప్పడాన్ని రాజీ అనరు, బెదిరింపు అంటారు.

2025లో ఒడిశాలోని బాలేశ్వర్‌లో ఒక కాలేజీ విద్యార్థిని తన విభాగాధిపతిపై ఫిర్యాదు చేసింది. కమిటీ విచారణ కూడా జరిగింది. అయినా ఆమె ఆత్మహత్యకు యత్నించింది, మనకు దక్కలేదు. విభాగాధిపతినీ ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేసింది ఆమె ఆ ప్రయత్నం చేశాకే.

దాడి జరిగితే క్యాంపస్ గేటు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. అత్యాచార బాధితులకు ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటు ఆస్పత్రైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, ఎఫ్‌ఐఆర్ తెమ్మని తిప్పి పంపకూడదు. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఐసీసీకి వెళ్లినంత మాత్రాన పోలీసు దారి మూసుకుపోదు. ఐసీసీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. హైదరాబాద్‌లో 2016 నుంచి ఉన్న భరోసా కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సాయం ఒకేచోట దొరుకుతాయి. జిల్లాల్లో ఇలాంటి సాయానికే సఖి కేంద్రాలున్నాయి. మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. ఓరియంటేషన్‌లో ర్యాగింగ్ గురించి గంట సేపు చెప్పేవాళ్లు ఈ రెండు నంబర్లు చెప్పడానికి నిమిషం కేటాయించలేరా?

కమిటీలను బలోపేతం చేయాలన్న డిమాండ్ ఎప్పటి నుంచో ఉంది, ఉండాలి కూడా. దానికి టైం పడుతుంది. ఈలోగా ఒక్క పని చేయవచ్చు: స్కాలర్ కోరితే, ఫిర్యాదు అందిన వారంలోగా గైడ్ సంతకం అధికారాన్ని డీన్‌కు బదలాయించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, వీసీ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.