రేసుకెళ్లిన కారు అదే నంబర్‌ప్లేటుతో ఇంటికి రావాలి

తిరుపతి రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన ఒక షెడ్డులో పోయిన నెల ఒక రాత్రి పదింటిదాకా కూర్చున్నాను. పాత స్విఫ్ట్ ఒకటి జాకీల మీద నిలబెట్టి ఉంది, 1.3 లీటర్ల పెట్రోల్ బండి. యజమాని ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కుర్రాడు. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద కొత్తవాళ్ల టైమ్ పోటీలో దిగాలని అతని కోరిక. అందులో ఒక్కో కారూ విడిగా ట్రాక్ చుట్టి వస్తుంది, ఎవరి టైమ్ తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. షెడ్డులో వాదనంతా ఒకే దాని మీద నడిచింది: హెడ్డు ఫేసింగ్ చేయించాలా, వద్దా?

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంజిన్ హెడ్డు అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం. దాని అడుగుభాగాన్ని మెషీన్ మీద పెట్టి పల్చగా ఒక పొర తీస్తే, సిలిండర్ పైన ఖాళీ తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది. ఇంజిన్‌కి కాస్త బలం వస్తుంది. తిరిగి బిగించేశాక బయటికి ఏమీ కనపడదు. పోటీ నిబంధనల్లో మాత్రం ఇంజిన్ లోపల చెయ్యి పెట్టకూడదని స్పష్టంగా ఉంది.

"ఉంటే ఉండనీ సార్. మిగతావాళ్లు చేసుకోలేదని గ్యారంటీ ఏముండాది? హెడ్డు ఇప్పితేగదా తెలిసేది, ఎవురు ఇప్పతారు?" అన్నాడు మెకానిక్.

కుర్రాడు నా ముఖం చూశాడు. వద్దన్నాను. కానీ మెకానిక్ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాగితం మీద రాసి వదిలేసి, ఎవరూ తనిఖీ చేయకపోతే నష్టపోయేది నిజాయితీగా వచ్చినవాడే.

ఔత్సాహిక రేసింగ్‌లో ఏ మార్పులకు ఒప్పుకోవాలన్న గొడవ ఈనాటిది కాదు. ఎవరి కారు వాళ్లిష్టం, పనితనం ఉన్నవాడు గెలుస్తాడు అనేవాళ్లు ఒకవైపు. షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉండాలి, బోల్టు కూడా మార్చకూడదు అనేవాళ్లు ఇంకోవైపు. నేను ఏ పక్షమూ కాదు. ఏ మార్పు గురించి అడిగినా రెండు విషయాలు చూస్తాను. ఒకరు చేయించుకుంటే మిగతా అందరూ చేయించుకోక తప్పదా? పోటీ అయ్యాక ఆ కారు అదే నంబర్‌ప్లేటుతో, దారిలో ఎవరికీ భయపడకుండా ఇంటికి రాగలదా?

ఈ రెండోది మన ప్రాంతం వాళ్లకు మరీ ముఖ్యం. తిరుపతి నుంచి ట్రాక్‌కి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లాలి. పోటీకి దిగే కుర్రాళ్లలో కారును వేరే లారీ మీద ఎక్కించుకుని వెళ్లగలిగేవాళ్లు ఎంతమంది? పొద్దున నడుపుకుని వెళ్లి, ట్రాక్ మీద తిరిగి, రాత్రికి అదే కారులో ఇంటికొచ్చి, సోమవారం దాంట్లోనే ఆఫీసుకు వెళ్తారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇలాంటప్పుడు పోటీ నిబంధనల పుస్తకం "సైలెన్సర్ మీ ఇష్టం, ఇంజిన్ మీ ఇష్టం" అంటే, కొత్తగా వచ్చే కుర్రాడు ట్రాక్ చేరకముందే చట్టం దాటేలా చేసినట్టే.

అందుకే పోటీలో కార్ల వర్గాలను మొదట రెండుగా విడదీయాలంటాను. రోడ్డు మీద నడుపుకుని వచ్చే కార్లు ఒకటి. లారీ మీద వచ్చి లారీ మీదే తిరిగివెళ్లే, రేసుకు మాత్రమే పనికొచ్చే కార్లు ఇంకొకటి. రెండో వర్గంలో చాలా స్వేచ్ఛ ఇవ్వొచ్చు. మొదటిదాంట్లో జాగ్రత్తగా ఉండాలి.

మొదటి వర్గంలో కూడా ఒకదానికి మాత్రం ఏ అడ్డూ పెట్టకూడదు. అది బ్రేకులు. కొన్నేళ్ల కిందట ఒక ట్రాక్ డేలో, అంటే మామూలు వాళ్లు సొంత కార్లను ట్రాక్ మీద నడుపుకునే రోజున, ఒక స్నేహితుడి పక్క సీట్లో కూర్చున్నాను. కారులో కంపెనీ ప్యాడ్లు, ఎప్పుడు మార్చారో తెలియని బ్రేక్ ఆయిల్. మొదటి రెండు చుట్లు బాగానే ఉంది. నాలుగో చుట్టులో, పొడుగు స్ట్రెయిట్ చివర అతను బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. రెండుమూడుసార్లు గబగబా కొట్టాడు. కారు ట్రాక్ పక్కన మట్టిలోకి దూరి ఆగింది. మాకేమీ కాలేదు, కానీ చాలాసేపు నా చేతుల వణుకు ఆగలేదు. జరిగిందేమిటంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. తేమ పట్టాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. ట్రాక్ మీద వేడికి ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి చేరుతుంది, పెడల్ తొక్కినా ప్యాడ్ పట్టదు. కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు కొన్ని వేలల్లో అయిపోయే పని. ఇవి అందరూ వేయించుకోక తప్పని పరిస్థితి వస్తే అంతకన్నా మేలు లేదు.

అమెరికాలో 2006లో మొదలైన '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' అనే పోటీ ఈ విషయంలో నాకు బాగా నచ్చుతుంది. కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదని పెట్టారు. కానీ బ్రేకులు, టైర్లు, రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా నలగకుండా లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం), సీటు, బెల్టులు ఆ లెక్కలోకి రావు. ప్రాణం కాపాడే వస్తువు దగ్గర పిసినారితనం చూపమని పోటీ ఎవరినీ బలవంతం చేయకూడదు.

ఇక టైర్లు. డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే. చిన్న కారులో ఇంజిన్ మీద ఎంత ఖర్చు పెట్టినా రాని లాభం, మెత్తటి రబ్బరు టైర్లు నాలుగు వేస్తే ఒక్క పూటలో వస్తుంది. ఆ మెత్తటి టైరు త్వరగా అరిగిపోతుంది కూడా. ఒకరు ప్రతి పోటీకీ కొత్త సెట్టు వేస్తే మిగతావాళ్లు అప్పు చేసైనా వేయాలి, లేదా ఇంటికి పోవాలి. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా దీన్ని ఆపాలని ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారూ విడిగా నడిపే టైమ్ పోటీ) స్ట్రీట్ వర్గంలో టైరు మీద ఉండే ట్రెడ్‌వేర్ సంఖ్య కనీసం 200 ఉండాలని పెట్టింది. సంఖ్య ఎక్కువైతే టైరు ఎక్కువ రోజులు మన్నుతుందని అర్థం. కానీ ఆ సంఖ్యను వేసేది టైరు కంపెనీయే. కొన్నాళ్లకు 200 అని అచ్చేసిన, రేసు టైరులా అతుక్కునే టైర్లు మార్కెట్లోకి వచ్చేశాయి. సంఖ్య పెట్టి ఖర్చు ఆపడం కుదరలేదు.

కాబట్టి టైరు విషయంలో ఒకటే మోడల్, ఒకటే కంపెనీ అనాలి. దుకాణంలో ఎవరికైనా దొరికే మామూలు రోడ్డు టైరై ఉండాలి. సీజన్ మొదట్లో సైడ్‌వాల్ మీద గుర్తు వేసి, ఒక సెట్టుతోనే సీజన్ గడపాలి. మన తిరుపతి జిల్లా చిన్నపాండూరులోనే అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, ఎంఆర్ఎఫ్ చెన్నై కంపెనీ. ఇంత దగ్గర్లో టైర్లు తయారవుతున్నప్పుడు, నిర్వాహకులు కూర్చుని ఒక కంపెనీతో తక్కువ ధరకు మాట్లాడుకోవడం కష్టమైన పని కాదు.

ఈసీయూ రీమ్యాప్ సంగతి వేరు. ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) లెక్కలు మార్చడం కాబట్టి ఇది పెద్ద మార్పు కాదని, వదిలేయమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో రీమ్యాప్‌తో వచ్చేది కొద్దిపాటి లాభమే. గాలిని ఒత్తిడితో లోపలికి తోసే టర్బో ఇంజిన్‌లో ఆ ఒత్తిడి (బూస్ట్) పెంచేస్తే ఐదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ బలం వస్తుంది. అంటే "రీమ్యాప్ అందరికీ ఫ్రీ" అనే మాట చూడ్డానికి సమానంగా ఉన్నా, పాత స్విఫ్ట్ వాడికి ఒకలా, కొత్త టర్బో కారు వాడికి ఇంకోలా పనిచేస్తుంది. మోటారు క్రీడల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ పెట్రోల్ టర్బో ఇంజిన్ల సీసీని 1.7తో హెచ్చించి వర్గం నిర్ణయించే పద్ధతి ఇందుకే వాడింది. ఆ లెక్కన 998 సీసీ టర్బో 1,700 సీసీ దగ్గర పడుతుంది. కొత్తవాళ్ల వర్గంలో కూడా ఈ గుణకం పెట్టాలి, రీమ్యాప్ వద్దనాలి.

ఇంజిన్ బలం కొలిచే యంత్రం, అంటే డైనో మీద పెట్టి చూస్తే సరిపోదా అనే సూచన ఉంది. వినడానికి బాగానే ఉంది కానీ ఒక డైనోకీ ఇంకోదానికీ లెక్క కలవదు. ఎండ 10 డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది, ఆ మేరకు ఇంజిన్ బలమూ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం కొలిచిన కారుకీ డిసెంబరు పొద్దున కొలిచినదానికీ పోటీ పెడితే గొడవలే. బరువు అలా కాదు. దామలచెరువులో మామిడి లారీలను తూచే వేబ్రిడ్జి లాంటిది చాలు. అది 5 కిలోలో, 10 కిలోలో తేడాగా చూపిస్తుంది, ఆ మాత్రం సడలింపు ఇవ్వొచ్చు. డ్రైవర్ కూర్చున్నాక కారు ఇంత బరువుకు తగ్గకూడదని రాస్తే, సీట్లు పీకేసి, డోర్ లోపల రేకు కోసేసి గెలవాలనే ఆశ అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు మెకానిక్ ప్రశ్నకు వస్తాను. ఎవరు విప్పుతారు?

ఒకే రకం కార్లు పెట్టినంత మాత్రాన మోసం ఆగదని అమెరికాలో స్పెక్ మియాటా వర్గం చూపించింది. మాజ్దా మియాటా కార్లతో, ఇంజిన్ మార్పులకు గట్టి హద్దులతో తక్కువ ఖర్చులో నడవాలని పెట్టిన వర్గం అది. 2014లో లగునా సెకాలో జరిగిన జాతీయ పోటీల తర్వాత హెడ్లు విప్పి చూస్తే, గాలి వెళ్లే దారిలో నిబంధనకు విరుద్ధంగా లోహం తీసేసినట్టు తేలింది. ముందు వరుసలో వచ్చిన పలు కార్లను పోటీ నుంచి తీసేశారు. అక్కడ విప్పి చూశారు కాబట్టి బయటపడింది. ఇక్కడా విప్పాలి. ప్రతి పోటీలో గెలిచిన కారుతో పాటు, చీటీ తీసి ఇంకో కారు హెడ్డు కూడా విప్పాలి. కొత్త గ్యాస్కెట్ ఖర్చు, తిరిగి బిగించే కూలి నిర్వాహకులే భరించాలి. ఈ ఖర్చు పోటీదారు మీద వేసిన చోట ఫిర్యాదు చేయడానికి ఎవరూ ముందుకు రారు. విప్పి చూసి సరిగ్గా ఉన్న ఇంజిన్‌కి కరెంటు మీటరుకు వేసినట్టు బోల్టుల గుండా తీగ దూర్చి సీలు వేస్తే, మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది.

అసలు భాగాలను వదిలేసి ఫలితాన్నే కట్టడి చేసే దారి ఒకటుంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లందరికీ అది తెలుసు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకన్నా ముందే చేరితే జరిమానా. మీది ఏ కారు, ఏ ఇంజిన్ అని ఎవరూ అడగరు. సూటి దారిలో కొద్ది దూరం దూసుకెళ్లే డ్రాగ్ రేసుల్లో బ్రాకెట్ పద్ధతి కూడా ఇలాంటిదే. నా కారు ఇంత టైమ్‌లో వెళ్తుంది అని ముందే చెప్పాలి, చెప్పినదానికన్నా త్వరగా వెళ్తే ఓడినట్టు. ఖరీదైన కారుకూ పాత మారుతికీ ఒకే వరుసలో చోటు దొరుకుతుంది. మొదటిసారి వచ్చేవాళ్లకు ఇది మంచిదే. కానీ ఘాట్ రోడ్డులో చెక్‌పోస్టుకు కాస్త ముందు కార్లు పక్కకు ఆపుకుని గడియారం చూసుకోవడం మనం చూస్తూనే ఉంటాం. ట్రాక్ మీద కూడా అదే జరుగుతుంది. కావాలని నెమ్మదిగా టైమ్ చెప్పేవాళ్లు, గీత ముందు బ్రేకు వేసేవాళ్లు తయారవుతారు. త్వరగా నడపడం నేర్చుకోవాలని వచ్చినవాడికి అది నేర్పేదేమీ లేదు. ఒకటి రెండు పోటీల వరకే నేను దీన్ని ఒప్పుకుంటాను.

షెడ్డువాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. అన్నీ వద్దంటే వాళ్ల పనితనం ఏమైపోవాలి? ఈ ప్రాంతం మెకానిక్‌లలో నేర్పు తక్కువేమీ కాదు. శ్రీసిటీలో ఇసుజు, సత్యవేడు వైపు హీరో ప్లాంట్ వచ్చాక బండ్ల పని తెలిసిన కుర్రాళ్లు ఇంకా పెరిగారు. వాళ్ల నేర్పుకు సస్పెన్షన్ దగ్గర చోటివ్వాలి. వీల్ అలైన్‌మెంట్, టైరు గాలి పూర్తిగా వదిలేయాలి. స్ప్రింగులు కోయించడం మాత్రం ఏ వర్గంలోనూ వద్దు. కోసిన స్ప్రింగు, చక్రం గుంతలో దిగినప్పుడు తన చోటు నుంచి జారిపోతే అది రోడ్డు మీద ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది.

తక్కువ ఖర్చుతో కట్టిన వర్గం నుంచి గొప్ప డ్రైవర్లు రారనేవాళ్లు కోయంబత్తూరు వైపు చూడాలి. ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్ పెట్టి ఒంటి సీటు రేసు కార్లు తయారు చేయించారు. అందరికీ అదే చిన్న ఇంజిన్. ఫార్ములా మారుతి అని పిలిచే ఆ కార్లలో మొదలుపెట్టిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడయ్యాడు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే అనే ట్రాక్‌కి కరివర్ధన్ పేరే పెట్టారు.

చివరిగా, షెడ్డులో ఎవరికీ నచ్చని మాట ఒకటి. రోల్ కేజ్. పక్కపక్కన కార్లు దూసుకెళ్లే అసలైన రేసుకు అది తప్పనిసరి. కానీ రోజూ నడిపే కారులో కేజ్ పెట్టుకుంటే, హెల్మెట్ లేని తల పక్కనే ఇనుప గొట్టం ఉంటుంది. చిన్న గుద్దుడుకే పుర్రె పగలొచ్చు. అందుకని రోడ్డు మీద వచ్చే కార్ల వర్గానికి పక్కపక్కన నడిచే రేసు పెట్టకూడదు, టైమ్ పోటీ మాత్రమే పెట్టాలి. పక్కవాడిని దాటాలనే ఆశ ఉంటే కేజ్, లారీ, రెండో వర్గం.

ఇది విని ఆ కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అంటే ఇంకో రెండేళ్లు ఒక్కడినే తిరగాలా అన్నా?" అన్నాడు. అవునన్నాను. ఆ రాత్రి మెకానిక్ హెడ్డు జోలికి పోలేదు. నాలుగు చక్రాలూ విప్పి పాత బ్రేక్ ఆయిల్ సీసాలోకి తీశాడు. అది డికాక్షన్‌లా నల్లగా ఉంది. కుర్రాడు ఆ సీసాను లైటు దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు, "ఇన్నాళ్లూ దీంతోనా నేను తిరుమల దిగింది?" అన్నాడు.