చేపల పులుసులో అగ్నిపర్వతం

నెల్లూరు మూలాపేటలో ఒక ఇల్లు అనుకుందాం. ఆదివారం, పొద్దున తొమ్మిది. పిల్లోడికి ఐదేళ్ళు, వాడి చెల్లికి మూడు. ఇద్దరూ నాన్న ఫోను కోసం జుట్లు పట్టుకుంటున్నారు. నాన్నకు ఎక్కడో చదివిన ముక్క గుర్తొచ్చింది. చిన్నపిల్లలకు ఏదైనా చేత్తో చేస్తేనే తలకెక్కుతుందట, అదీ ఇంట్లో ఉన్న వస్తువుల్తోనే చెయ్యొచ్చట.

"ఈరోజు ఫోను లేదు. ప్రయోగాలు చేద్దాం. పైసా ఖర్చుండదు" అని ప్రకటించాడు.

వంటింట్లో జేజమ్మ ఉలిక్కిపడింది. పైసా ఖర్చుండదంటే తన డబ్బాలు ఖాళీ కాబోతున్నాయని ఆమెకు తెలుసు. పైగా గట్టు మీద చట్టిలో కొరమీను పులుసుంది. శనివారం రాత్రే కాచి దించింది. రాత్రంతా మామిడికాయ, చింతపండు, కారం ముక్కకు పట్టి, తెల్లారేసరికి పైన నూనె తేలితేనే దాన్ని నెల్లూరు పులుసంటారు. మధ్యాహ్నానికి కావలి నుంచి పిలకాయల మేనమామ వస్తున్నాడు.

మొదటి పని గింజలు ఒంపడం. రెండు చిన్న స్టీలు గ్లాసులు, ఒకదాంట్లో సగానికి బియ్యం, కింద అంచున్న పెద్ద పళ్ళెం. ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి, మళ్ళీ ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి. చూసేవాళ్ళకు ఆవలింతలొస్తాయి గానీ మూడేళ్ళ పిల్లకు అది పెద్ద కసరత్తు. మణికట్టు ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. అది కుదిరాక బియ్యం తీసేసి నీళ్ళివ్వాలి. గ్లాసు నిండా పోసిస్తే మొదటి వంపుకే సగం బయటికొస్తుంది. పళ్ళెం పెట్టకపోతే బియ్యం టైల్సు మీదికి జారతాయి. పిల్ల వాటిమీద జారదు, వెనక నుంచి పేపరు చదువుకుంటూ వచ్చే తాత జారతాడు.

బియ్యం మరీ సన్నంగా ఉన్నాయని కొందరు శనగలిస్తారు. శనగగింజ మూడేళ్ళ ముక్కులోకి కొలత తీసినట్టు పడుతుంది. లోపలి తడికి ఉబ్బుతుంది. వేలుపెట్టి తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. ఇక ఆదివారం పూట పొగతోటంతా తిరిగి ముక్కు డాక్టర్ని పట్టుకోవాలి. శనగలు, చింతగింజలు, గుండీలు ఆ వయసు పిలకాయల చేతికి ఇవ్వకపోవడమే మేలు. గింజలు చెంచాతో ఎత్తిపోసే ఆటకు మాత్రం ఉదయగిరి కొయ్య చెంచాలను మించినవి లేవు. స్టీలు చెంచా మీద గింజ జారుతుంది, కొయ్య మీద నిలుస్తుంది. కిందపడినా ఇల్లదిరేట్టు మోగదు.

ఇలా ఒంపడం, ఎత్తిపోయడం బడిపాఠంగా మార్చింది మారియా మాంటిస్సోరి. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చింది. ఇంకో నాలుగు గంటలు రైలెక్కి నెల్లూరు దాకా వచ్చుంటే మన జేజమ్మల బడి కూడా చూసుండేది. "ఊరికే కూచోకపోతే ఈ చింతపండులో గింజలు తియ్యి" అనేదే ఇక్కడి పాఠ్యప్రణాళిక. ఫీజుండదు. తిట్లు వేరే.

రెండో పని ఉప్పుపిండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు కప్పు నీళ్ళు. నీళ్ళన్నీ ఒక్కసారే గుమ్మరించకూడదు. కొంచెం కొంచెంగా పోస్తూ చేతికి అంటకుండా వచ్చేదాకా పిసకాలి. కల్లుప్పు వేస్తే పిండి గరుగ్గా ఉండి, గీరుకున్న వేలికి చుర్రుమని మండుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకో తిప్పలుంది. ఉప్పు గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. పొద్దున ముద్దగా చేసిన ఏనుగు సాయంత్రానికి కరిగి బల్లిలా గోడకు అంటుకుంటుంది. అందుకే ఆట అయ్యాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి.

డబ్బా ఫ్రిజ్‌లో పెడితే మాత్రం దానికి నీలమో ఆకుపచ్చో రంగు కలిపి తీరాలి. తెల్లగా వదిలేస్తే రాత్రి ఎవరో ఒకరు దాంతో పూరీలు వత్తుతారు. చిటికెడు పసుపు కలిపారా, అంతకన్నా ప్రమాదం, బొబ్బట్ల పిండనుకుంటారు. రెండింటికి ఒకటి చొప్పున ఉప్పు వేసిన పూరీని ఒక్కసారి నోట్లో పెట్టుకున్న మనిషి ఆ ఇంట్లో మళ్ళీ టిఫిను అడగడు.

మూడోది పసుపు కాగితం. ఒక చెంచా పసుపును నాలుగు చెంచాల స్పిరిట్‌లో కలపాలి. ఇది పెద్దవాళ్ళు, పొయ్యికి దూరంగా చెయ్యాల్సిన పని. పసుపులోని రంగు నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. తేటను తెల్లకాగితానికి పూసి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. రెండు వేళ్ళ వెడల్పున కత్తిరిస్తే పరీక్ష కాగితాలు సిద్ధం. సబ్బునీళ్ళు తగిలితే ఎర్రబడతాయి, సున్నపునీళ్ళకు ఇంకా ఎర్రబడతాయి. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు.

నాన్న ఇదేదో కొత్త విద్యలాగా చూపిస్తుంటే జేజమ్మ నవ్వింది. "పసుపునీళ్ళలో సున్నమేస్తే ఎర్రనీళ్ళు కాదంట్రా? నీ పెళ్ళిలో దిష్టి తీసింది వాటితోనే గదా!" ఆమెకు ఇంకో ప్రయోగం కూడా తెలుసు. పిల్లోడి తెల్లచొక్కా మీద పడిన పప్పుమరక సబ్బు రుద్దగానే ఎర్రగా తేలడం ఆమె వారానికి రెండుసార్లు చూస్తుంది. నీళ్ళలో జాడించగానే తిరిగి పసుపవుతుంది. మరకేమీ పోలేదు, రంగు మార్చుకుని కూచుందంతే.

నాలుగోది అగ్నిపర్వతం. దీనికోసమే పిల్లోడు ఇంతసేపూ ఓపికపట్టాడు. ఖాళీ మందుసీసా చుట్టూ తడి ఇసుక పోగేసి కొండలా మెత్తాలి. సీసాలో రెండు చెంచాల వంటసోడా, గిన్నెలు తోమే ద్రవం అరచెంచా. వెనిగరు అందరిళ్ళల్లో ఉండదు, చింతపండు లేని ఇల్లు నెల్లూరులో ఉండదు. నిమ్మకాయంత చింతపండును అరగ్లాసు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, చిక్కగా పిసికి వడకట్టి పొయ్యాలి. వడకట్టకపోతే పిప్పి సీసా మూతిలో అడ్డంపడి, లావా బదులు గుర్రుమని శబ్దం మాత్రమే వస్తుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. అది సోడాతో కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. సబ్బు ఆ వాయువును బుడగల్లో పట్టి నురగగా నిలబెడుతుంది. బేకింగ్ పౌడరు తెచ్చి సోడా అనుకునేవాళ్ళున్నారు. అందులో సోడాతోపాటు ఆమ్లం, గంజిపొడి కూడా ముందే కలిపి ఉంటాయి, కాబట్టి పొంగు నీరసంగా ఉంటుంది.

ఈ ఇంట్లో పొంగు నీరసంగా లేదు. గోధుమరంగు నురగ సీసాలోంచి బుసబుసా లేచి ఇసుక మీదుగా పళ్ళెంలోకి దిగింది. చెల్లి కేకలు పెట్టింది. పిల్లోడు మాత్రం కేక వెయ్యకుండా ఆలోచనలో పడ్డాడు. పిల్లలు నిశ్శబ్దంగా ఉన్నారంటే పెద్దవాళ్ళు జాగ్రత్తపడాలి.

"నాయినా, చింతపండుకేనా, అన్నిటికీ పొంగుద్దా?"

"పుల్లగా ఉండేది ఏదైనా పొంగుద్ది నాన్నా."

ఆ 'ఏదైనా' దగ్గరే కొంప మునిగింది. పెద్దవాళ్ళు సూత్రం చెప్పి ఊరుకుంటారు, ఐదేళ్ళవాడు దానికి ఉదాహరణలు వెతుకుతాడు. అదే సమయానికి నాన్న ఫోను మోగింది. ఈరోజు ఫోను లేదన్న మనిషి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. సోడా ప్యాకెట్టు గట్టు మీదే ఉంది.

పిల్లోడు పద్ధతిగానే వెళ్ళాడు. నిమ్మచెక్క మీద చిటికెడు వేశాడు, బుస్సుమంది. టమాటా ముక్క మీద వేశాడు, కొంచెం నురగొచ్చింది. మజ్జిగలో వేశాడు, ఒక్కొక్క బుడగే నిదానంగా లేచింది. తర్వాత పీట ఎక్కి చట్టి మూత తీశాడు.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. రాత్రంతా నిలిచిన పులుసు మీద వేలిమందాన నూనె తేలి ఉంది. ఒక చెంచా సోడా వేశాడు. పొడి నూనె మీద ఉండకట్టి, తెల్లటి దీవిలా తేలింది. ఏమీ జరగలేదు. ఆమ్లమంతా కింది నీళ్ళలో ఉంది, సోడా పైన నూనెలో ఉంది, రెండూ కలిస్తే గదా! పొంగలేదంటే పొడి చాల్లేదని ఏ శాస్త్రవేత్త అయినా అనుకుంటాడు. రెండో చెంచా వేశాడు. మూడో చెంచా వేశాడు. అప్పటికీ చలనం లేకపోయేసరికి ఉదయగిరి చెంచా పెట్టి అడుగంటా కలిపాడు.

మూడు చెంచాలంటే సుమారు 15 గ్రాముల సోడా. అది పూర్తిగా చర్య జరిపితే దాదాపు నాలుగు లీటర్ల వాయువు వస్తుంది. చట్టి పట్టేది మూడు లీటర్లు, అందులో ముప్పావు పులుసే. సీసాలో సబ్బు చేసిన పనిని ఇక్కడ ఉల్లిపాయ గుజ్జు, చేప జిగురు చేసిపెట్టాయి. ఎర్రటి నురగ చట్టి అంచుదాకా లేచి ఒక్కక్షణం ఆగింది. ఆ తర్వాత గట్టు మీదికి, గట్టు మీంచి సొరుగులోకి, సొరుగులోంచి నేలమీదికి దిగింది. మామిడికాయ ముక్క ఒకటి నురగ మీద ఊరేగుతూ వచ్చి స్టవ్వు పక్కన దిగింది.

"జేజమ్మా! ఇదే అన్నిటికన్నా పెద్దది!" అన్నాడు పిల్లోడు. ఆ గొంతులో తప్పుచేసిన జాడే లేదు.

జేజమ్మ వచ్చింది. చూసింది. "ఓరి నీ పాసుగాలా! ఏందిరా పోసినావు?" అని వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. పులుపు లేదు. ఉప్పగా, అడుగున సబ్బుముక్క నాకినట్టు ఉంది. కిలో చేపకు వేసిన చింతపండులోని ఆమ్లాన్ని విరచడానికి ఆ మూడు చెంచాలు ఇంచుమించు సరిపోయాయి. రంగు కూడా మారింది. పులుపు పోయేసరికి పసుపు ముదురెరుపుకు తిరిగింది.

"దీన్దేముంది, ఇంకొంచెం చింతపండు పిసికి పోస్తే సరి" అనుకుంది జేజమ్మ. యాభై ఏళ్ళ వంట అనుభవం ఎవరిచేతైనా అదే చేయిస్తుంది. కాకపోతే అడుగున గడ్డకట్టి, ఇంకా కరగని సోడా కొంత మిగిలుందని ఆ అనుభవానికి తెలియదు. చిక్కటి రసం గ్లాసుడు పోసి గరిటెతో అడుగంటా తిప్పింది.

రెండోసారి పొంగింది. ఈసారి జేజమ్మ చీర కుచ్చిళ్ళ మీదికి.

పిల్లోడు చప్పట్లు కొట్టాడు. చెల్లి "మళ్ళీ! మళ్ళీ!" అంది. వరండాలోంచి పరిగెత్తుకొచ్చిన నాన్నను జేజమ్మ తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి, "నీకు చదువు చెప్పించినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల" అంది.

పులుసును మళ్ళీ పొయ్యెక్కించారు. చింతపండు పోసి పులుపు తేవచ్చు గానీ పుట్టిన లవణాన్ని వెనక్కి తీయలేరు. అందుకని నీళ్ళు పోశారు. నీళ్ళెక్కువయ్యాయని కారం వేశారు. కారం ఎక్కువైందని బెల్లం వేశారు. మరిగి మరిగి చేపముక్కలు ముళ్ళను వదిలేశాయి. పన్నెండున్నరకు మేనమామ వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూచున్నాడు. జేజమ్మ అన్నంలో గుంటచేసి పులుసు పోసింది. చిన్నజేబు నుంచి పసుపు కాగితం తీసి పిల్లోడు మామ పళ్ళెం పక్కకు చేరాడు.

రంగున్న ద్రవాన్ని పసుపు కాగితంతో పరీక్షించకూడదు. అసలు రంగేదో, కాగితం మారిన రంగేదో తేలదు. ఈ సంగతి చెప్పడం నాన్న మర్చిపోయాడు. పిల్లోడు కాగితాన్ని పులుసులో ముంచి తీశాడు. కారానికి అది ఎర్రగా తడిసి వచ్చింది.

"మామా, తినమాక! ఇంకా సబ్బుండాది!"

అప్పటికే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న మామ, నమలకుండా, మింగకుండా జేజమ్మ వైపు చూశాడు. "ఈసారి మజ్జిగే పొయ్యత్తా" అన్నాడు.

మజ్జిగ గిన్నె మూత తీశారు. అందులో ఇంకా బుడగలు లేస్తున్నాయి.