పార్కింగ్ లేదట, 3 స్టార్లు!

రాత్రి 11.30 అయింది. హాల్లో మా బావ గురక పెడుతున్నాడు. ఆ గురక వింటే దేశానికేదో పెద్ద సేవ చేసొచ్చి పడుకున్నాడనుకుంటారు ఎవరైనా. నాకు మాత్రం కునుకు పట్టడం లేదు. పడుకోబోయే ముందు ఫోన్ నా చేతిలో పెట్టి "ఏరా, రివ్యూ ఎలా రాశానో చూడు" అన్నాడు. చూశాను. పొద్దున అంబాజీపేటలో మాకు పొట్టిక్కలు పెట్టిన మామ్మగారి బడ్డీకి 3 స్టార్లు. కింద రెండే ముక్కలు: "టేస్ట్ ఓకే. పార్కింగ్ లేదు."

పార్కింగ్ లేదట! నాలుగు రాటలు, పైన రేకు, రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి. ఈయనగారి కారు కోసం ఆవిడ సెల్లార్ తవ్వించాలి కాబోలు. అయినా పార్కింగ్ లేకపోవడమేమిటి, సరిగ్గా ఆ పొయ్యి ముందే అడ్డంగా పెట్టాడు కదా! ఏసీ చల్లదనం పోతుందని ఇంజన్ కూడా ఆపలేదు. క్యారేజీ పట్టుకుని సైకిల్ మీద వచ్చిన ఒక పెద్దాయన, సైకిల్ దిగి, మా బంపర్ చుట్టూ తిరిగి వెళ్ళి ఇడ్లీ కట్టించుకున్నాడు. ఆయన చేతిలో స్టార్లుంటే మా బావకెన్ని ఇచ్చేవాడో.

మొదట్నుంచీ చెప్తాను. పండక్కి హైదరాబాద్ నుంచి 400 కిలోమీటర్లకు పైగా కారేసుకుని వచ్చాడు. కొత్త కారు. భోగి నాటి నుంచీ ఒకటే పాట, "ఈసారి మన గోదావరి లోకల్ ఫుడ్స్ అన్నీ కవర్ చేసేద్దాం రా" అని. కవర్ చేయడమేమిటో! తినడం అనే మాటే మర్చిపోయారు జనం. కనుమ రోజే బయల్దేరదామంటే, కనుమ నాడు కాకైనా కదలదని మా అమ్మ అడ్డం పడింది. ఆ రోజు మినుము తినాలని పొద్దున్నే గారెలు వండి పెట్టింది. డజను లాగించి "అత్తయ్యా, హోమ్లీగా ఉన్నాయి" అన్నాడు. ఇంట్లో వండినవి ఇంట్లో వండినట్టు కాక ఇంకెలా ఉంటాయి బావా?

సరే, ముక్కనుమ, అంటే ఇవాళ, పొద్దున్నే 6 గంటలకు బయల్దేరాం. బావ, అక్క, వాళ్ళ పాప, నేను. కారెక్కగానే మొదటి రూలు: లోపల ఎవరూ ఏమీ తినకూడదు. సీటు కవర్లు కొత్తవట. తిండి కోసం కారేసుకుని ఊళ్ళు తిరగాలి గానీ కారులో తిండి పెట్టకూడదు. పాప నోట్లో ఉన్న చాక్లెట్ కూడా దింపి తినిపించి ఎక్కించాడు.

పొట్టిక్కలంటే తెలియనివాళ్ళకు. నాలుగు పనసాకులు తీసుకుని ఈనెపుల్లలతో గుచ్చి చిన్న బుట్ట కడతారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడి వేడిగా ఆకు ఒలుస్తుంటే ముందు ఆ వాసన వస్తుంది, తర్వాత ఇడ్లీ కనిపిస్తుంది, దాని ఒంటి నిండా ఆకు ఈనెలు అచ్చు గుద్దినట్టు దిగి ఉంటాయి. పక్కన అల్లం పచ్చడి. అంతే. ఇడ్లీ రేకైతే కడిగి మళ్ళీ పిండి పోస్తాం. ఇది అలా కాదు. ఒక్కో పొట్టిక్కకీ ఒక కొత్త బుట్ట. తినగానే పారేస్తాం. ఆకులు ముందురోజు సాయంత్రమే కోసుకొచ్చి, కడిగి, టీవీ చూస్తూ గుచ్చుకుంటుందట మామ్మగారు. తెల్లవారుజామున 3 గంటలకు పొయ్యి రాజేస్తుంది. ఇదంతా కలిపి ఒక్కోటి 15 రూపాయలు.

నలుగురం కలిసి 14 తిన్నాం. అందులో 6 బావవే. లెక్క 210 అయింది.

"ఇడ్లీయే కదా మామ్మా, ఆకులో పెడితే 15 రూపాయలా? రౌండ్ చేసేస్తున్నా" అని ఫోన్ తీసి 200 కొట్టాడు.

చిల్లర లేదనుకుందామంటే, ఫోన్లో కొట్టాడండీ బాబూ! ఫోన్లో కూడా చిల్లర ఉండదా? 210 కొడితే అరిగిపోతుందా స్క్రీను? ఆవిడ ఏమైనా అంటే బాగుండేది. "ఆయ్, మీ ఇష్టమండి బాబూ" అంది. ఆ "మీ ఇష్టమండి" ఉంది చూశారూ, తిట్టినా అంత గుచ్చుకోదు.

ఇదే మనిషి మొన్న వస్తూ దారిలో హైవే పక్క అద్దాల గోడల కాఫీ కొట్టులో రెండు కాఫీలకు 480 ఇచ్చాడట. అక్క చెప్పింది. అక్కడ రౌండ్ చేయలేదు. పైగా కప్పు బాగుందని ఫొటో తీసుకున్నాడు. హైదరాబాద్‌లో ఒకచోట ఇవే పొట్టిక్కల్ని ఇత్తడి పళ్ళెంలో రెండు పెట్టి, పక్కన మూడు చుక్కల చట్నీ వేసి, 190 రూపాయలు తీసుకుంటారు. అక్కడ పనసాకు పేరు "ట్రెడిషన్". మామ్మగారి దగ్గర "ఆకులో పెడితే 15 రూపాయలా".

డబ్బులు కొట్టాక వీడియో. "మామ్మా, ఇటు చూసి ఒకసారి నవ్వు." ఆవిడ చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ "ఇప్పుడొద్దు బాబూ, పొయ్యి దగ్గరున్నాను" అంటూనే ఉంది, ఈయన తీస్తూనే ఉన్నాడు. కింద పెట్టిన మాట: "15 రూపాయలకే గోదావరి రుచి!!!"

నాకు ఒళ్ళు మండేది ఆ "కే" దగ్గరే. 10 రూపాయలకే గారె, 20 రూపాయలకే పుల్లట్టు, 50 రూపాయలకే కడుపు నిండా భోజనం. కారులో తిరిగే ప్రతివాడి నోటా ఇదే. ఇంతకే లీటరు, ఇంతకే టోలు, ఇంతకే సర్వీసింగు అని ఎవడూ అనడు. డీజిల్ లీటరు దాదాపు వంద రూపాయలు, టోల్ గేట్లకు లెక్కే లేదు. ఫాస్టాగ్ వచ్చాక జేబులోంచి తీసే బాధ కూడా లేదు, దానంతటదే కోసుకుంటుంది, ఈయన కిమ్మనడు. వేలు తగలేసి వచ్చి, పొయ్యి ముందు కూర్చున్న ముసలావిడ దగ్గర మాత్రం పొదుపు గుర్తొస్తుంది. చవగ్గా ఉందంటే ఆవిడ తన కష్టానికి లెక్క కట్టుకోలేదని అర్థం. నువ్వేదో తెలివిగా కనిపెట్టావని కాదు.

నేనేం తక్కువ తినలేదు లెండి. కాలేజీ రోజుల్లో నేనూ బజ్జీల బండి దగ్గర "ఇంకోటి వెయ్యి బాబాయ్" అని కొసరు అడిగినవాణ్ణే. కానీ కొసరు వేరు, కోత వేరు. కొసరు ఎదుటివాడు ఇస్తాడు.

అక్కడి నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా ఆత్రేయపురం. లొల్ల లాకుల దారి, ఒకపక్క కాలువ, ఇంకోపక్క కొబ్బరి చెట్లు. అక్క కాసేపు అద్దం దించితే దుమ్మొస్తుందని ఎత్తించాడు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ, అంటే ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. రేకు తీసే చోటుకు తీసుకెళ్ళాను, చూస్తాడు కదా అని. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండి, పాలకంటే కాస్త చిక్కగా. ఆవిడ పల్చటి గుడ్డను అందులో ముంచి, కుండ మీద ఒక్కసారి ఇలా పరిచి అలా లాగింది. రెప్పపాటులో కుండ మీద పొర. అంచు పట్టుకుని లేపితే చేతికి రేకు, అవతలి గోడ కనిపించేంత పల్చన. మళ్ళీ ముంచడం, మళ్ళీ లాగడం. ఒక చేత్తో మంటలోకి ఆకులు తోస్తూనే ఉంది. రేకులు తీసినంతసేపూ ఆ సెగ ఆవిడ మొహానికి తగుల్తూనే ఉంది. నేను రెండు నిమిషాలు నిలబడలేక బయటికొచ్చాను.

బావ అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీనికి మెషీన్ పెట్టుకోవచ్చుగా?"

తర్వాత చాక్లెట్ పూతరేకులు కొన్నాడు. బెల్లంవి, నెయ్యివి ఎదురుగా పెట్టుకుని చాక్లెట్‌వి. వదిలేయండి.

పాలకొల్లు వెళ్ళి దిబ్బరొట్టె కూడా కవర్ చేయాలన్నాడు గానీ వీడియోలకే సగం పూట పోయింది. దిబ్బరొట్టె అంటే మందపాటి మూకుట్లో, మూతపెట్టి, సన్నని సెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా కూర్చోవాలి. ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని తినేది కాదు.

అసలు కారెందుకండీ వీటికి? మా చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పంటు కోసం, అదే గోదావరి దాటించే పెద్ద పడవ కోసం, గంటలు గంటలు కూర్చునేవాళ్ళం. తినుబండారాలే మన దగ్గరకు వచ్చేవి. ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు, జీళ్ళు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. గంప దించి, పొట్లం కట్టి, పంటు కదిలేలోపు దిగిపోయేవాళ్ళు. పంటు ఆలస్యమైతే మా నాన్న విసుక్కునేవాడు కాదు, ఇంకో పొట్లం కొనేవాడు. ఇప్పుడు వంతెనలొచ్చాయి, బైపాసులొచ్చాయి. ఊళ్ళన్నీ పక్కకు తప్పుకున్నాయి. గంప పట్టుకుని 100 స్పీడులో వెళ్ళే కారు వెంట ఎవరు పరిగెడతారు?

నాన్న పేరెత్తాను కాబట్టి ఇంకో సంగతి. నిజానికి 10 రూపాయల దగ్గర మొదలైంది గానీ నా కడుపుమంట అక్కడిది కాదు. ఆత్రేయపురం అయ్యాక సాయంత్రం తాపేశ్వరం వెళ్ళాం. మడత కాజా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మా బావ నవ్వుతూ అన్నాడు: "ఇంత సైజువి అప్పట్లో మీ నాన్నకు దొరకలేదేమో రా."

2011. అక్క పెళ్ళి. అత్తారింటికి పంపేటప్పుడు సారె పెట్టాలి. అరిసెలు, మినపసున్నుండలు ఇంట్లో చేయించి, కాజాలు మాత్రం తాపేశ్వరంవే ఉండాలని నాన్న పట్టుబట్టి, స్వయంగా వెళ్ళి చెప్పి చేయించి తెచ్చాడు. 101 కాజాలు. వాళ్ళది గుంటూరు వైపు. బావ వాళ్ళమ్మగారు మూత తీసి చూసి, "గోదావరి జిల్లా సారె అంటే ఏదో అనుకున్నాం. ఇవి మా వీధికి కూడా సరిపోవు, సైజు చూస్తే ఇంతున్నాయి" అంది. పదిమందిలో. నాన్న ఏమీ అనలేదు. రెండోరోజు పొద్దున్నే బస్సెక్కి మళ్ళీ తాపేశ్వరం వెళ్ళాడు. రాత్రి వచ్చాడు, ఒళ్ళో డబ్బా పెట్టుకుని. బస్సులో చోటు లేక సగం దారి నిలబడే వచ్చాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. పాకం కారి పంచె అంతా జిగురు. నోరు విప్పకపోయినా, అప్పుడు కూడా "మీ ఇష్టమండి" అన్నట్టే ఉన్నాడు మా నాన్న.

ఆ రెండో డబ్బాలోవి సోఫాలో కూర్చుని వరసగా 4 తిన్నది ఎవరనుకుంటున్నారు? హాల్లో గురక పెడుతున్నాడే, ఆయనే. ఆ రోజు ఆయన చేతిలో స్టార్లు లేవు కాబట్టి బతికిపోయాం.

ఇవాళ కాజా కొరికి "అంతా పంచదారే" అన్నాడు. కాజాలో పంచదార కాక పప్పుండ్రాళ్ళుంటాయా? మడత విప్పితే పొరపొరకీ పాకం ఎలా నిలబడిందో చూడాలి, పైన గుల్ల, లోపల తడి. కాకినాడ గొట్టం కాజా కొరికితే పాకం నోట్లో చిమ్ముతుంది, దీనిది ఆ హడావిడి కాదు, నెమ్మదిగా వస్తుంది. ఇవన్నీ చెబుదామనుకున్నాను. చెప్పలేదు. పాప పొడి రాల్చకుండా తినలేక కారు పక్కన రోడ్డు మీద నిలబడి తింటోంది, దాని గౌను పట్టుకుని నిలబడ్డాను.

ఒకటి మాత్రం చేశాను. పొద్దున బావ కారు వెనక్కి తీస్తుంటే, కళ్ళజోడు మర్చిపోయానని అబద్ధమాడి దిగి మామ్మగారి దగ్గరకు వెళ్ళాను. 10 రూపాయల నోటు బల్ల మీద పెట్టాను. "ఊరకే ఎందుకండి" అని తీసుకోలేదు. బలవంతం చేస్తే, లోపలికెళ్ళి కాల్చిన తేగలు నాలుగు తెచ్చి చేతిలో పెట్టి, అప్పుడు తీసుకుంది. 10 రూపాయలకు నాలుగు తేగలు ఎక్కడా రావు. అంటే నేను వెళ్ళి ఆవిడకు ఇంకా నష్టం చేసి వచ్చాను.

ఆ తేగలు నా సంచిలో, బావ కొత్త సీటు కవరు మీదే, రోజంతా తిరిగాయి. ఇప్పుడే వంటింట్లో నేలమీద కూర్చుని నేనూ అక్కా రెండు ఒలుచుకున్నాం. తేగ మధ్యలో ఉండే లేత ముక్కల్ని చందమామలంటాం, ఆ రెండూ పాపకని గిన్నెలో పెట్టి మూతేసింది అక్క. బావకు ఉంచుదామా అంటే "షుగర్ పెరుగుతుందిలే" అంది. తేగకి షుగరేమిటి! కాజాల సంగతి అక్కా మర్చిపోలేదన్నమాట.

పీచు చాలా వచ్చింది. పారేద్దామని లేచాను గానీ, కారు తాళాలు టీవీ పక్కనే ఉన్నాయి.