సవరణ: స్నో బ్లోయర్ షియర్ బోల్టు

ట్రాక్టర్ పీటీవోతో (ఇంజిన్ శక్తిని పనిముట్లకు అందించే ఇరుసుతో) నడిచే స్నో బ్లోయర్‌ను, అంటే మంచును లాగి దూరంగా విసిరే యంత్రాన్ని, మెరుగుపరచడంపై గత పోస్టులో, షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతుంటే బదులుగా తలపై ఆరు గీతలుండే గ్రేడ్ 8 అనే చాలా గట్టి రకం బోల్టు బిగించమని రాశాను. అది తప్పు. తయారీదారుల వాడుక పుస్తకాల ప్రకారం, మంచులో దాగిన రాయో దుంగో ఆగర్‌లో (మంచును లోపలికి లాగే మరలాంటి భాగంలో) ఇరుక్కున్నప్పుడు గేర్‌బాక్స్‌కు దెబ్బ తగలకుండా ముందుగా తెగిపోవడానికే ఆ మెత్తటి బోల్టును పెడతారు. గట్టి బోల్టు వేస్తే అది నిలిచి, దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన గేర్లు విరిగే ప్రమాదం ఉంది. ఇప్పటికే మార్చినవారు దయచేసి ఇంజిన్ ఆపి, పీటీవో విడదీసి, పుస్తకంలో చెప్పిన గ్రేడు, కొలత గల బోల్టునే తిరిగి బిగించండి. అమెరికాలోని మిషిగన్ వంటి చోట్ల కంకర దారులపై నడిపేవారు స్కిడ్ షూలను (యంత్రం నేలపై జారేందుకు పక్కల ఉండే పాదాలను) సర్ది, ఆగర్‌ను నేలకు కాస్త ఎత్తులో ఉంచితే బోల్టులు తెగడమే తగ్గుతుంది. తడి మంచు చూట్‌లో (మంచు బయటికి పోయే గొట్టంలో) అడ్డుపడకుండా ఇంపెల్లర్ (మంచును విసిరే చక్రం) రెక్కలకు రబ్బరు పట్టీలు బిగించుకోవాలన్న ఆ పోస్టులోని సూచనలో మార్పు లేదు.