మా వంశంలో లేని బుద్ధులు

మా అబ్బాయికి లెక్కల్లో ముప్ఫై ఒక్క మార్కులు వచ్చాయి. సంతకం పెట్టే ముందు ఇంటి యజమానిగా నేను చేయవలసిన పని ఒకటుంది. ఆ తెలివితక్కువతనం ఎవరి రక్తంలోంచి వచ్చిందో తేల్చాలి. నిరుడు వీడికే పద్యాల పోటీలో బహుమతి వచ్చినప్పుడు ఈ విచారణ అర నిమిషంలో ముగిసింది, మా తాతగారు హరికథలు చెప్పేవారు కనుక. ఈసారీ ఆలస్యం కాలేదు. మా మామగారు చిట్టీలు నడిపి నష్టపోయిన సంగతి ఊరందరికీ తెలుసు.

పూర్వం ఇలాంటి తీర్పులకు సామెతలే ఆధారం. పులి కడుపున పులే పుడుతుందని ఒకటి, పండిత పుత్రుడు పరమ శుంఠ అని మరొకటి దగ్గర పెట్టుకున్నాం. కొడుకు ఎలా తయారైనా మనం ఓడిపోయేది లేదు. ఇప్పుడు సైన్సే మన పక్షాన నిలబడింది. డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లోనే ఇంగ్లండు ప్రముఖుల చుట్టరికాలు లెక్కగట్టి, ప్రతిభ వంశాల్లో పారుతుందని తేల్చాడు. జడ్జీల కొడుకులు పైకి రావడంలో జడ్జీగారి పలుకుబడి పాలెంతో ఆయన పెద్దగా పట్టించుకోలేదు. మన చిత్రపరిశ్రమనూ శాసనసభనూ చూసే భాగ్యం కలిగి ఉంటే మరో రెండు సంపుటాలు రాసేవాడు.

ఆ తర్వాత కవలలు దొరికారు. అమెరికాలోని ఒహాయోలో నాలుగు వారాల వయసులో విడిపోయి, వేర్వేరు ఇళ్ళలో పెరిగిన, జన్యువులు ఒకటే అయిన ఇద్దరు కవల అన్నదమ్ములు 1979లో, ముప్ఫై తొమ్మిదో ఏట కలుసుకున్నారు. ఇద్దరి పేరూ జిమ్. ఇద్దరి మొదటి భార్యా లిండా, రెండో భార్యా బెట్టీ. చిన్నప్పుడు ఇద్దరూ పెంచిన కుక్క పేరు టాయ్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని థామస్ బుషార్డ్ వారిని పిలిపించి పరీక్షించాడు. లిండా అనే అమ్మాయిని వెతికి పెట్టే జన్యువు ఏదో ఇంతవరకూ దొరకలేదు. ఆ తరం అమెరికాలో లిండాలు మన లక్ష్ములంత విరివిగా ఉండేవారన్న చిన్న విషయాన్ని ఇక్కడ ఎత్తడం రసభంగం. మన బస్సులో ‘శ్రీనూ’ అని పిలిస్తే అరడజను తలలు తిరుగుతాయి. వారందరూ పుట్టగానే విడిపోయిన కవలలని నా అనుమానం.

ఇక అంకెలు. యాభై ఏళ్ళ కవలల పరిశోధనలన్నిటినీ, అంటే కోటీ నలభై అయిదు లక్షల కవల జంటల సమాచారాన్ని, 2015లో ఒకచోట చేర్చి చూస్తే మనుషుల లక్షణాల్లో వంశపారంపర్యత, అంటే తేడాల్లో జన్యువుల వాటా, సగటున 49 శాతమని తేలింది. వెంటనే నా కోపంలో 49 పైసలు మా నాన్నగారి ఖాతాలో రాశాను. ఆ లెక్క ఒక జనంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల గురించి గానీ ఒక్కొక్క మనిషి గురించి కాదని కొందరు నసుగుతారు. చేతికి అయిదు వేళ్ళు మొలిపించేది జన్యువులే అయినా, వేళ్ళ సంఖ్యలో వంశపారంపర్యత చాలా తక్కువట. వేళ్ళు తగ్గినవారు ఎక్కువగా రంపాల దగ్గర, యంత్రాల దగ్గర పోగొట్టుకున్నవారే కదా. అదే జడ వేసుకోవడం మా చిన్నప్పటి ఊళ్ళో దాదాపు నూటికి నూరు పాళ్ళూ ఆడా మగా తేల్చే క్రోమోజోముల మీదే ఆధారపడేది. ఇలాంటి వివరాలు వింటూ కూర్చుంటే ఇంట్లో ఒక్క తగవూ తెగదు.

కోర్టులకు ఈ నసుగుడు లేదు. ఇటలీలో ఒక హంతకుడికి దూకుడుతో ముడిపెట్టిన జన్యురకాలున్నాయని 2009లో ట్రియెస్టే అప్పీలు కోర్టు శిక్షలో ఏడాది తగ్గించింది. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు మనిషికి సుమారు 20,000. జన్యువుకు ఏడాది చొప్పున తగ్గించుకుంటూ పోతే ప్రభుత్వమే మనకు బాకీ పడుతుంది.

ఆ జన్యురకాల్లో ముఖ్యమైనది ఎమ్ఏఓఏ. మెదడులో సెరొటోనిన్, డోపమీన్ వంటి రసాయనాలను విడగొట్టే ఎంజైమును తయారుచేయడం ఆ జన్యువు పని. అది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందని చదివి ఎగిరి గంతేశాను. మగపిల్లవాడికి ఎక్స్ తల్లి దగ్గరి నుంచే వస్తుంది!

“చూశావా, వీడి మొండితనం మీ పుట్టింటిదే,” అన్నాను మా ఆవిడతో.

“అయితే మీ కోపం అత్తయ్యగారిది. వంటింట్లోనే ఉన్నారు, పిలవమంటారా?” అంది.

అంతటితో ఆగితే బాగుండేది. నా చేతిలోని కాగితాలు తీసుకుని తర్వాతి పేజీ చదివింది. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన మగపిల్లల మీద 2002లో వెలువడిన పరిశోధన అది. ఎమ్ఏఓఏ మందకొడిగా పనిచేసే రకం ఉన్నంత మాత్రాన ఎవరూ దౌర్జన్యపరులు కాలేదు. ఆ రకం ఉండి, చిన్నతనంలో హింసకు గురైనవారిలోనే ఆ ధోరణి ఎక్కువగా కనిపించింది.

చదివి, గోడకు తగిలించిన బెత్తం వైపు చూసింది. “అది ఏ క్రోమోజోము మీద ఉంటుందండీ?”

అది మా నాన్నగారిది. ఆయనకు మా తాతగారు ఇచ్చారు, హరికథలు చెప్పిన ఆయనే. మూడు తరాలుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న ఆస్తి మా ఇంట్లో అదొక్కటే. ఆ మాటే గర్వంగా చెప్పాను.

మార్కుల కాగితం పట్టుకుని నిలబడ్డ మా అబ్బాయి అంతా శ్రద్ధగా విన్నాడు.

“నాన్నగారూ, అది నాకెప్పుడిస్తారు?” అన్నాడు.