ఒరే పెంచలయ్యా, నీ ప్యాంటు!

నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర నిలబడి, ఎవరి వంకా చూడకుండా, "పెంచలయ్యా!" అని ఒక్క కేక వేసి చూడండి. కనీసం నలుగురు తిరుగుతారు. టీ కొట్టాయన గ్లాసు కడగడం ఆపుతాడు. ఆటోలోంచి ఒక తల బయటికొస్తుంది. పిలిచింది తమను కాదని తెలిసినా ఒకరిద్దరు పెంచలమ్మలు కూడా, ఎందుకైనా మంచిదని, ఓ చూపు చూస్తారు.

ఇదంతా పెంచలకోన నరసింహస్వామి చలవ. రాపూరు దాటి గోనుపల్లి మీదుగా పోతే వెలికొండల ఒళ్ళో ఉంటుంది కోన. హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపం చల్లారక అడవులు పట్టి తిరుగుతున్న స్వామి, ఇక్కడ ఒక చెంచుపిల్లను చూసి మెత్తబడ్డాడట. ఆమే చెంచులక్ష్మి. ఇద్దరూ పెనవేసుకుని శిలైపోయారు కాబట్టి పెనుశిల, అదే జనం నోట్లో నలిగి పెంచల. సంతానం కోసం మొక్కుకున్న వాళ్ళు పుట్టిన బిడ్డకు ఆ పేరే పెడతారు. మొక్కులు బాగానే ఫలిస్తున్నాయని బస్టాండు చూస్తే తెలుస్తుంది.

నేనూ ఆ లెక్కలో వాణ్ణే. పెళ్ళయిన ఏడేళ్ళకి మా అమ్మ మొక్కుకుంటే పుట్టాను. సర్టిఫికెట్లలో పెంచల కిషోర్, ఇంట్లో పెంచలయ్య. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మాత్రం పి. కిషోర్. పి అంటే ఏంటని ఎవరైనా అడిగితే ఇంటిపేరంటాను. మా ఆవిడది రాజమండ్రి. పెళ్ళిపీటల మీద పురోహితుడి నోట నా పూర్తి పేరు విని తలంబ్రాల పళ్ళెంలోకి తల దించేసింది. సిగ్గనుకున్నారు అందరూ. పిల్లాడికి చెప్పకూడదని మా ఇద్దరి మధ్య ఒప్పందం. అమ్మ ఒక్కతే ఒప్పందంలోకి రాలేదు. "కనీసం వాడి ముందైనా కిషోర్ అనమ్మా" అని బతిమాలితే, "నేను కిషోర్ కావాలని మొక్కుకున్నానా?" అంది. చివరికి మనవడి ముందు "ఒరే అబ్బయా" దగ్గర రాజీ కుదిరింది.

నా వంతుగా నేను మెడకి తర్ఫీదు ఇచ్చుకున్నాను. ఆ పేరు ఎక్కడ వినపడ్డా తిరక్కూడదు. ఇరవై ఏళ్ళ సాధన.

మొన్న కార్తీకంలో అమ్మ, కోనకి తీసుకుపొమ్మంది. స్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖంలో. అప్పుడు జనం ఉంటారు గానీ జలపాతంలో నీళ్ళుండవు. మా నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. దేశమంతా గొడుగులు మడిచిన తర్వాత మేం తెరుస్తాం. కాబట్టి జలపాతం చూడాలంటే కార్తీకమే మంచి అదను.

పొద్దున్నే పొదలకూరు మీదుగా బయల్దేరాం. దర్శనం బాగా అయింది. ఆదిలక్ష్మమ్మ గుడి విడిగా, దూరంగా ఎందుకుందని మా ఆవిడ అడిగింది. స్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడని తెలిసి పెద్దావిడ అలిగి ఏటికి అవతలే ఉండిపోయిందట, ఇప్పటికీ రాలేదని అమ్మ చెప్పింది. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, "మంచి పని చేసింది" అంది. నేనేం చేశానో నాకు తెలియదు. భార్యతో కోనకి వెళ్ళేవాళ్ళు ఆ గుడి సంగతి కాస్త వెనకా ముందూ చూసుకుని ఎత్తండి.

తర్వాత జలపాతానికి నడిచాం. రాళ్ళ దారి, రెండు పక్కలా అడవి. ఇదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే, 1997లో ప్రకటించారు. అభయం జంతువులకేనని, మనకి గానీ మన వస్తువులకి గానీ వర్తించదని బోర్డు మీద రాయలేదు.

నీళ్ళు బ్రహ్మాండంగా పడుతున్నాయి. బండ మీద నుంచి తెల్లగా దూకి, కింద మడుగులో పడి, నల్లగా చల్లబడి, రాళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. నేను తుండు కట్టుకుని, ప్యాంటు మడిచి బండ మీద పెట్టి, పైన చెప్పులు బరువు పెట్టాను. పక్కనే అమ్మని కాపలా కూర్చోబెట్టాను. పిల్లాణ్ణి తీసుకుని ధార కిందికి వెళ్ళాను. మా ఆవిడ నీళ్ళు చల్లగా ఉన్నాయని ఏటి అవతలి గట్టున కూర్చుంది. ఆ పోలిక నాకు నచ్చలేదు గానీ ఏమీ అనలేదు.

పది నిమిషాలయిందేమో. నీళ్ళ హోరులో అమ్మ గొంతు.

"ఒరే పెంచలయ్యా!"

మడుగులో ఉన్న తలలు తిరిగాయి. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. నేను తిరగలేదు. ధార కేసే చూస్తూ వీపు రుద్దుకుంటున్నాను.

"ఒరే పెంచలయ్యా, నీ ప్యాంటు!"

ఎనిమిది మందీ కంగారుగా గట్టు కేసి చూసుకున్నారు. ప్యాంటు తడుపుకుంటూ నీళ్ళలో నిలబడ్డ ఒకాయన కూడా రెండు చేతులతో నడుం పట్టుకున్నాడు. చిట్వేలు వైపు నుంచి కొండ అవతల వాళ్ళు ఒక జట్టుగా వచ్చారు. అందులో ఇద్దరు పెంచలయ్యలు, ప్యాంటు నీదంటే నీదని అప్పుడే వాదులాటకి దిగారు.

"నాన్నా, జేజి ఎవరినో పిలుస్తోంది" అన్నాడు మావాడు.

"ఎవరో పెంచలయ్యలే. మనకెందుకు" అన్నాను.

అప్పుడు పైకి చూశాను. ఏరుమద్ది చెట్టు కొమ్మ మీద ఒక పెద్ద కోతి ప్యాంటు పట్టుకుని కూర్చుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవడో పాపం అనుకున్నాను. బెల్టు చూశాక నవ్వు ఆగింది.

అది తొందరపడలేదు. ముందు కుడి జేబులో చెయ్యి పెట్టి రుమాలు తీసింది, వాసన చూసింది, పారేసింది. టోల్ రసీదు తీసింది, కాసేపు చదివినట్టు పట్టుకుంది, అదీ పారేసింది. ఎడమ జేబులో మావాడు దాచిపెట్టిన పల్లీ చిక్కీ సగం ముక్క దొరికింది. ఈ గొడవంతా దాని కోసమే. ఇంకేమైనా ఉందేమోనని ప్యాంటు తలకిందులు చేసి దులిపింది. కారు తాళం మెరుస్తూ వచ్చి మడుగులో పడింది. టుబుక్.

నేను పరుగెత్తాను. పాచి పట్టిన రాతి మీద పరుగెత్తకూడదు. తుండు కట్టుకుని అసలే పరుగెత్తకూడదు. ఇంతకన్నా వివరాలు వద్దు.

"పిలిస్తే పలకవేందిరా? గొంతు పోయేలా అరిచినా గదా!" అంది అమ్మ. మావాడు నా కేసి చూశాడు, వాళ్ళ జేజి కేసి చూశాడు, ఎనిమిది మంది పెంచలయ్యల కేసి చూశాడు. "నాన్నా, నువ్వు తొమ్మిదోవాడివా?" అన్నాడు. అవతలి గట్టు మీద మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

పెంచలయ్యలందరూ తలో సలహా ఇచ్చారు. "కంగారు పడబాకన్నా. ఈ నీళ్ళు కండలేరులోకే గదా, ఆ నుంచి కాలవలో మెడ్రాసు. నెలకంతా ఎవురింటి కుళాయిలోనో వస్తాది" అన్నాడొకడు. కండలేరు జలాశయం 68 టీఎంసీలని ఇంకొకాయన గుర్తు చేశాడు. సంతోషం.

దారి పక్కన ఉసిరికాయలు పోగులు పెట్టి అమ్ముతున్న యానాది పెద్దాయన ఒకడు వచ్చాడు. ఏమీ అడగలేదు. కొమ్మ చూశాడు, మడుగు చూశాడు. తాళమంత బరువుండే గులకరాయి ఏరి, దానికి దారం కట్టి, కొమ్మ కింద సరిగ్గా తాళం పడ్డ చోట వదిలాడు. దారం ఎటు లాగుతోందో చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మొలలోతు నీళ్ళలో దిగి, కాలివేళ్ళతో ఒక బండ అడుగున తడమడం మొదలుపెట్టాడు. ముఖంలో ఏ కదలికా లేదు, ఆలోచనంతా కాళ్ళలో ఉన్నట్టుంది. "పీత యాడ దాక్కుంటాదో, ఏదన్నా పడితే ఆడికే పోతాది సామీ" అన్నాడు. రెండు నిమిషాలు. వంగి చెయ్యి పెట్టి తాళం తీశాడు. ముందు ఒక చిన్న పీతను తీశాడు, న్యాయంగా చెప్పాలంటే.

నేను చెయ్యి చాపాను. ఆయన తాళం ఇవ్వలేదు.

"కొత్తది చేయిస్తే ఎంతవుద్ది సామీ?"

నేను నోరు తెరిచేలోపు మావాడు, "పదిహేను వేలు తాతా" అన్నాడు. మా ఇంట్లో నిజాలన్నీ వీడి నోటే వస్తాయి.

"అయితే వెయ్యియ్యి. పేరేంది సామీ?"

"కిషోర్."

"వెయ్యి" అన్నాడు మళ్ళీ.

"వాడి పేరు పెంచలయ్యన్నా! ఈ సామి మొక్కుతోనే పుట్టినాడు" అంది అమ్మ, రాజీని అక్కడే తుంగలో తొక్కి.

పెద్దాయన ముఖం మారిపోయింది. "ముందే చెప్పొద్దా! నా పేరూ అదే గదా. చెంచులక్ష్మమ్మ మా పిల్ల. సామి మాకు అల్లుడు. సామి పేరు పెట్టుకున్నోడు అల్లుడి వరస. అల్లుడి కాడ వెయ్యి తీసుకుంటే బాగుండదు, అయిదొందలియ్యి."

"అల్లుడన్నాక ఊరికే ఇవ్వచ్చుగా తాతా" అన్నాను, కాస్త ధైర్యం వచ్చి.

"సామే ఓలి కట్టి చేసుకున్నాడు. నువ్వు అయిదొందలు కట్టలేవా?"

దానికి జవాబు లేదు. కట్టాను. పర్సు అమ్మ సంచిలో ఉండబట్టి సరిపోయింది. ఇరవై ఏళ్ళుగా నేను దాచిన పేరుకి మొదటిసారి డిస్కౌంటు వచ్చింది, అదీ యాభై శాతం.

తాళం తడిసింది కదా, బియ్యంలో పెడితే ఆరుతుందని మావాడు చెప్పాడు. అడవిలో బియ్యం ఎక్కడివి? అమ్మ గుళ్ళో ఇచ్చిన అక్షింతల పొట్లం విప్పి అందులో కుక్కింది. బటన్ పనిచెయ్యలేదు గానీ, తాళం లోపల దాగిన పుల్లతో తలుపు తెరుచుకుంది, బండీ స్టార్టయింది. ఇప్పటికీ ఆ బటన్ల సందుల్లో పసుపు ఉంది. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా అదేంటని అడుగుతారు, స్వామి అక్షింతలు అంటాను.

ప్యాంటు మాత్రం కొమ్మ మీదే ఉండిపోయింది. తడి తుండుతో, ఒక చేత్తో ముడి పట్టుకుని, కొండ దిగుతున్నాను. ముందు మావాడు, వాడి పక్కన జేజి, నేను పుట్టిన కథ మొదటి నుంచి చెబుతోంది. మా ఆవిడ ఏరు దాటి వచ్చి నా పక్కనే నడుస్తోంది, నవ్వు ఆపుకోలేక ఆగి ఆగి.

వెనక నుంచి ఆడగొంతు గట్టిగా: "పెంచలయ్యా!"

ఈసారి ఠక్కున తిరిగాను. నాతో పాటు ఇంకో ముగ్గురు తిరిగారు. ఆవిడ మా వైపు చూడనే లేదు. మడుగు ఒడ్డున అయిదేళ్ళ పిల్లాడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా, నీళ్ళు చిమ్ముకుంటున్నాడు. వాడొక్కడే తిరగలేదు.